పరిహారం దావా నడిపే సంస్థ మూతపడినప్పుడు: ఇంగ్లండ్, వేల్స్‌లోని రక్షణ ఏర్పాట్లపై సమీక్ష

ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ రోడ్డు ప్రమాదానికో, పనిచేసే చోట తగిలిన గాయానికో, ఇంటికి జరిగిన నష్టానికో పరిహారం కోరేవారిలో చాలామంది ‘గెలిస్తేనే ఫీజు’ పద్ధతిలో పనిచేసే సంస్థకు దావా అప్పగించి, ఇక మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారని నిశ్చింతగా ఉంటారు. ఆ సంస్థే మూతపడితే పరిస్థితి ఏమిటన్న ప్రశ్న ఒప్పందం మీద సంతకం చేసే రోజున తట్టదు, తట్టినా అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ గురించీ కాదు. సంస్థ కూలిన తరువాత క్లయింటును ఆదుకోవడానికి అక్కడ ఉన్న ఏర్పాట్లలో ఏది ఎంతవరకు పనికివస్తుందో, ఏది ఎక్కడ చేయి వదిలేస్తుందో చెప్పడమే దీని ఉద్దేశం. దగ్గరి బంధువు ఒకరి రోడ్డు ప్రమాద దావా ఇలాగే మధ్యలో నిలిచిపోయినప్పుడు కాగితాల పనంతా నేను చూశాను. ఆ అనుభవమూ, ఆ సందర్భంలో చదవవలసి వచ్చిన నిబంధనలూ ఈ అభిప్రాయాలకు ఆధారం.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది, సంస్థ పోయినంత మాత్రాన దావా పోదు. నష్టపోయింది మీరు, హక్కు మీది, కోర్టు కాగితాల మీద వాదిగా ఉన్న పేరు మీది. సంస్థ మీ తరఫున మాట్లాడే ప్రతినిధి మాత్రమే. అయితే ప్రతినిధి మాయమైనా చట్టం పెట్టిన గడువులు నడుస్తూనే ఉంటాయి, ఎదుటి పక్షం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే ఈ ఏర్పాట్లను తూచేటప్పుడు, గడువు మీరిపోకుండా, కొత్త అప్పు నెత్తిన పడకుండా అవి మనిషిని కాపాడగలవా అన్నదే ప్రధానంగా చూశాను.

మూతపడిన సంస్థ ఏ కోవకు చెందినదో తేల్చుకోవడం మొదటి పని. సొలిసిటర్ల (క్లయింటు తరఫున దావా నడిపే న్యాయవాదుల) సంస్థలను సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్‌ఆర్‌ఏ, నియంత్రిస్తుంది. సొలిసిటర్లు కాకుండా క్లెయిములు సేకరించి నడిపే క్లెయిమ్స్ మేనేజ్‌మెంట్ కంపెనీలు 2019 ఏప్రిల్ 1 నుంచి ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ, అంటే ఎఫ్‌సీఏ, పరిధిలోకి వచ్చాయి. ఈ తేడా పైకి చిన్నదిగా కనబడినా, తరువాత దొరికే రక్షణ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఫోన్ చేసి మనల్ని ఒప్పించినది ఒక క్లెయిముల కంపెనీ, ఆపై దావా నడిపినది వేరొక సొలిసిటర్ల సంస్థ అయిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. ఉత్తరాల మీద రెండు పేర్లూ ఉండటం వల్ల ఏది మూతపడిందో కూడా కొందరికి తెలియదు. ఎస్‌ఆర్‌ఏ, ఎఫ్‌సీఏ రెండూ తమ రిజిస్టర్లను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా పెట్టాయి. ఉత్తరం అడుగున ఉండే రిజిస్ట్రేషన్ సంఖ్యతో వెతికితే సంస్థ కోవ తెలుస్తుంది. కంపెనీల వివరాలు నమోదయ్యే కంపెనీస్ హౌస్ రికార్డులో దాని ప్రస్తుత స్థితి, దివాలా ప్రక్రియ చూసే అధికారి పేరు కూడా దొరుకుతాయి. ఈ రిజిస్టర్ల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్పష్టంగా, సులభంగా ఉన్నాయి.

తరువాత తెలుసుకోవలసింది సంస్థ ఎలా మూతపడిందన్నది. సొలిసిటర్ల సంస్థలో నిజాయితీ లోపించిందని అనుమానం కలిగినా, క్లయింట్ల ప్రయోజనాలకు ముప్పు ఉందని తేలినా, ఎస్‌ఆర్‌ఏ జోక్యం చేసుకుని దాన్ని మూసివేయగలదు. దీనినే అక్కడ ‘ఇంటర్వెన్షన్’ అంటారు. అప్పుడు ఎస్‌ఆర్‌ఏ నియమించిన వేరొక సొలిసిటర్ల సంస్థ ఏజెంటుగా వచ్చి ఫైళ్ళనూ క్లయింట్ల డబ్బునూ స్వాధీనం చేసుకుంటుంది. డబ్బు లేక సంస్థ అడ్మినిస్ట్రేషన్‌లోకో లిక్విడేషన్‌లోకో వెళితే మాత్రం పగ్గాలు అడ్మినిస్ట్రేటర్, లిక్విడేటర్ అనే దివాలా నిపుణుల చేతికి వెళతాయి. ఈ రెండు దారుల్లోనూ క్లయింటుకు ఉత్తరం వస్తుంది, కాని ఆ ఉత్తరం వెనక ఉన్న బాధ్యతలు ఒకటి కావు.

ఇంటర్వెన్షన్ ఏజెంటు సేవను నేను మంచిదనే అంటాను, కాని దాని హద్దు తెలియకపోతే ప్రమాదం. ఏజెంటు ముందుగా అత్యవసరమైన ఫైళ్ళను వేరుచేస్తాడు, మీరు ఎక్కడికి పంపమంటే అక్కడికి మీ ఫైలు పంపుతాడు, మీ పేరున ఉన్న డబ్బు లెక్క చూస్తాడు. అంతవరకే. అతడు మీ సొలిసిటర్ కాడు. మీ దావాను ముందుకు నడపడం, మీ బదులు కోర్టుకు వెళ్ళడం అతడి పని కాదు. ఉత్తరం వచ్చింది కదా, ఇక ఆయనే చూసుకుంటాడని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. ఫైలు ఎవరికి పంపాలో రాతపూర్వకంగా చెప్పడం, కాపీ మీకు కూడా కావాలని అడగడం ఆ వారంలోనే జరగాలి.

అడ్మినిస్ట్రేటర్ సంగతి వేరు. సంస్థకు అప్పులిచ్చినవాళ్ళకు వీలైనంత ఎక్కువ రాబట్టడం ఆయన బాధ్యత. సగంలో ఉన్న దావాల మీద సంస్థకు రావలసిన ఫీజు కూడా ఒక ఆస్తే కాబట్టి, ఆ పనిని మూటగట్టి మరొక సంస్థకు అమ్మడం సర్వసాధారణం. అలా కొన్న సంస్థ నుంచి మీకు ఉత్తరం వస్తుంది, ‘మీ దావా ఇకపై మేము చూస్తాము, ఈ ఒప్పందం మీద సంతకం చేయండి’ అని. ఆ సంతకం తప్పనిసరి అన్నట్టు ఆ ఉత్తరాలు రాస్తారు. నిజానికి కొత్త సొలిసిటర్‌ను ఎంచుకునే హక్కు పూర్తిగా క్లయింటుదే; ఫైలు కొన్నవాళ్ళతోనే కొనసాగాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఈ విషయం పెద్ద అక్షరాల్లో మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం. మా బంధువుకు వచ్చిన ఉత్తరంలో అది ఎక్కడో లోపలి పేజీలో ఒక్క వాక్యంగా ఉంది, అదీ న్యాయవాదులు రాసుకునే భాషలో.

ఇక గడువుల విషయం. ఈ మొత్తం వ్యవహారంలో మనిషి నిజంగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. 1980 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం శరీరానికి గాయమైన దావాను ప్రమాదం జరిగిన రోజు నుంచి గాని, గాయానికి కారణం ఫలానా వారని తెలిసిన రోజు నుంచి గాని మూడేళ్ళలోపు కోర్టులో వేయాలి. ఒప్పంద ఉల్లంఘనకూ, ఆస్తి నష్టానికీ మామూలుగా ఆరేళ్ళు. పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండాకే మూడేళ్ళ లెక్క మొదలవుతుంది. సంస్థతో ఉత్తరప్రత్యుత్తరాలు ఎంతకాలం సాగినా, ఎదుటి బీమా కంపెనీ తప్పు ఒప్పుకున్నా, కోర్టులో దావా పడనంత వరకు ఆ గడియారం ఆగదు. ‘దావా నడుస్తోంది’ అని సంస్థ చెప్పిన మాటకు ‘దావా కోర్టులో వేశాము’ అని అర్థం కాదు. కాబట్టి ఫైలు చేతికి రాగానే మొదట వెతకవలసిన కాగితం కోర్టు ముద్ర ఉన్న క్లెయిమ్ ఫారం. అది ఉంటే మరొక గడువు మొదలై ఉంటుంది: ఫారం జారీ అయిన నాలుగు నెలల్లోపు దాన్ని ప్రతివాదికి అందజేయాలి. అది లేకపోతే ప్రమాదం తేదీ నుంచి మూడేళ్ళు లెక్కపెట్టి, ఆ తేదీని కొత్త సొలిసిటర్‌కు రాసే మొదటి ఉత్తరంలోనే పెట్టాలి.

కోర్టులో ఉన్న దావాకు న్యాయమూర్తి ఇచ్చిన ఆదేశాల ప్రకారం సాక్ష్యాలు, వైద్య నివేదికలు సమర్పించవలసిన తేదీలు వేరుగా ఉంటాయి. సంస్థ మూతపడిన గందరగోళంలో వాటిలో ఒకటి తప్పిపోయినా, సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లోని 3.9 నిబంధన కింద మినహాయింపు కోరవచ్చు. కోర్టు అప్పుడు ఉల్లంఘన ఎంత తీవ్రమైనది, ఎందుకు జరిగింది, మొత్తం పరిస్థితులేమిటి అని చూస్తుంది. వెంటనే దరఖాస్తు చేశారా లేదా అన్నది కూడా గట్టిగానే లెక్కలోకి వస్తుంది. సంస్థ మూతపడిందని తెలిసిన తేదీ ఉన్న ఉత్తరాన్ని కవరుతో సహా దాచి ఉంచమని నేను చెప్పేది అందుకే.

కొత్త సొలిసిటర్ దొరికేలోపు చేతులు ముడుచుకుని ఉండవలసిన అవసరం లేదు. కోర్టుకు వెళ్ళిన దావా అయితే ఎన్434 అనే ఫారం నింపి, పాత సంస్థ ఇక నా తరఫున లేదు, కాగితాలు నేరుగా నాకు పంపండి అని కోర్టుకూ ఎదుటి సొలిసిటర్లకూ తెలియజేయవచ్చు. మేము ఆ పని చేశాము. ఫారం సులభమైనది, చదవగలిగిన ఎవరైనా నింపగలరు. అది చేయకపోతే కోర్టు నోటీసులు మూసిన ఆఫీసు చిరునామాకే వెళుతూ ఉంటాయి, అవి మీకు చేరినట్టే లెక్క. అలాగే ఎదుటి బీమా కంపెనీకి మర్యాదగా ఉత్తరం రాసి, జరిగింది చెప్పి, కొంత వ్యవధి కోరడంలో తప్పు లేదు. దావా ఇంకా కోర్టుకు వెళ్ళకపోతే, లిమిటేషన్ గడువు విషయంలో కూడా రెండు పక్షాలూ రాతపూర్వకంగా ఒప్పందానికి రావచ్చు. అయితే నోటిమాట మీద మాత్రం ఆధారపడకూడదు.

కొత్త సొలిసిటర్ల సంస్థను వెతకడంలో మాకు ఎదురైన అనుభవం మిశ్రమంగా ఉంది. సగంలో ఉన్న దావా అనగానే కొన్ని సంస్థలు వెనక్కు తగ్గాయి. అది అర్థం చేసుకోదగినదే. పాత ఫైలులోని లోపాలకు బాధ్యత వహించడం ఎవరికీ ఇష్టం ఉండదు. చివరికి ఒప్పుకున్న సంస్థను నేను మెచ్చుకోవడానికి కారణం వాళ్ళు మొదటి సంభాషణలోనే అడిగిన ప్రశ్నలు: ప్రమాదం ఎప్పుడు జరిగింది, క్లెయిమ్ ఫారం జారీ అయిందా, ఖర్చుల బీమా పాలసీ (ఓడితే ఎదుటి పక్షం ఖర్చులు భరించేది) ఉందా, పాత సంస్థతో చేసుకున్న ఒప్పందం కాపీ ఉందా. ఎంత వస్తుందన్న మాట వాళ్ళు ముందు ఎత్తలేదు. ముందుగా మొత్తం చెప్పి ఆశపెట్టే సంస్థ కంటే, ముందుగా తేదీలు అడిగే సంస్థ నమ్మదగినదని ఆ రోజు నాకు బలంగా అనిపించింది, ఇప్పటికీ అదే అభిప్రాయం.

కొత్త ఒప్పందంలో జాగ్రత్తగా చదవవలసింది ఫీజు భాగం. 2013 ఏప్రిల్ నుంచి గాయాల దావాల్లో గెలిచినందుకు సొలిసిటర్ అదనంగా తీసుకునే ‘సక్సెస్ ఫీజు’, మొదటి దశ కోర్టులో, బాధకూ అప్పటివరకు జరిగిన నష్టానికీ వచ్చే పరిహారంలో 25 శాతం మించకూడదు. భవిష్యత్తులో కలిగే నష్టానికి ఇచ్చే మొత్తం మీద అది పడదు. ప్రశ్న ఏమిటంటే, పాత సంస్థ కూడా తాను చేసిన పనికి ఫీజు రావాలంటుంది, లేదా దాని తరఫున అడ్మినిస్ట్రేటర్ అంటాడు. రెండు సంస్థల కోతలూ కలిపి నా పరిహారంలోంచి గరిష్ఠంగా ఎంత పోతుందో ఒక్క అంకెగా రాసివ్వమని అడగండి. నేను అడిగినప్పుడు కొత్త సంస్థ అభ్యంతరం చెప్పకుండా రాసిచ్చింది. రాసివ్వని సంస్థతో సంతకం చేయవద్దనే నేను చెబుతాను.

చిన్న గాయాల దావాలకు సొలిసిటర్ దొరకకపోతే నిరాశ పడనవసరం లేదు. 2021 మే 31 నుంచి, ఆ తేదీనాడు గాని ఆ తరువాత గాని జరిగిన రోడ్డు ప్రమాదాల్లో గాయానికి వచ్చే పరిహారం 5,000 పౌండ్లు మించని దావాలను ‘అఫీషియల్ ఇంజరీ క్లెయిమ్’ అనే ఉచిత ఆన్‌లైన్ సేవ ద్వారా బాధితులే స్వయంగా నడుపుకోవచ్చు. పాదచారులు, సైకిలు నడిపేవారు, మోటారు సైకిలు మీద వెళ్ళేవారు, పిల్లలు ఈ ఏర్పాటు పరిధిలోకి రారు. నేరాల వల్ల గాయపడినవారు క్రిమినల్ ఇంజరీస్ కాంపెన్సేషన్ అథారిటీకి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి మామూలుగా రెండేళ్ళ గడువు.

ఇప్పటివరకు చెప్పినదంతా దావా నిలబెట్టుకోవడం గురించి. సంస్థ కూలినప్పుడు రాగల అన్నిటికంటే పెద్ద ఆపద మాత్రం దావా పోవడం కాదు, ఎదుటి పక్షం ఖర్చుల బిల్లు మన ఇంటికి రావడం. షెఫీల్డ్ కేంద్రంగా పనిచేసిన ఎస్‌ఎస్‌బీ సంస్థ 2024 జనవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళినప్పుడు జరిగింది ఇదే. గోడల మధ్య ఖాళీలో నింపిన ఇన్సులేషన్ వల్ల ఇళ్ళు చెమ్మెక్కి పాడైనవారి తరఫున ఆ సంస్థ పెద్ద సంఖ్యలో దావాలు నడిపింది. గెలిచినా ఓడినా మీకు ఖర్చు ఉండదన్న నమ్మకంతో సంతకాలు చేసిన సామాన్య కుటుంబాలకు, దావాలు వదిలేసిన తరువాతా విఫలమైన తరువాతా, ఎదుటి పక్షాల నుంచి వేల పౌండ్ల బిల్లులు వచ్చాయి. ఆ ఖర్చులు భరించవలసిన బీమా సంస్థలు చెల్లించడానికి నిరాకరించిన ఉదంతాలు బయటపడ్డాయి. ఇది పార్లమెంటు దాకా వెళ్ళింది, న్యాయ సేవల నియంత్రణ సంస్థలను పర్యవేక్షించే లీగల్ సర్వీసెస్ బోర్డు స్వతంత్ర సమీక్ష జరిపించింది.

అక్కడ జరిగినదానికి చట్టపరమైన కారణం తెలిస్తే, మీ దావాలో ఆ ముప్పు ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. గాయాల దావాల్లో ఓడిన వాది సాధారణంగా ఎదుటివారి ఖర్చులు చెల్లించనవసరం లేదన్న రక్షణ 2013 నుంచి ఉంది; దాన్ని క్యూఓసీఎస్ అంటారు. ఇంటికి జరిగిన నష్టం లాంటి ఆస్తి దావాలకు ఆ రక్షణ లేదు, అక్కడ ఓడినవారే గెలిచినవారి ఖర్చు భరించాలి. అందుకే అలాంటి దావాలకు ‘ఏటీఈ’ అనే ప్రత్యేక బీమా తీసుకుంటారు, ఆ పాలసీ ఒక్కటే ఇంటికి అడ్డుగోడ. గాయాల దావాలో కూడా ఆ రక్షణ సంపూర్ణం కాదు. మోసం ఉందని తేలినా, న్యాయ ప్రక్రియకు అడ్డుపడేలా వాది ప్రవర్తించాడన్న కారణంతో దావాను కోర్టు కొట్టివేసినా అది పోతుంది. పట్టించుకోకుండా వదిలేసిన దావా ఆ చివరి దారికి ఎంత దగ్గరో గమనించండి. ఇంటి నష్టం దావా అయితే సంస్థ మూతపడిందని తెలిసిన రోజే బీమా పాలసీ కాపీ కోసం అడ్మినిస్ట్రేటర్‌కు రాయండి, పాలసీ సంఖ్య దొరికితే బీమా కంపెనీకి నేరుగా తెలియజేయండి, ఆ పాలసీ ఇంకా అమల్లో ఉందా, ఏ షరతుతో రద్దవుతుంది అని అడగండి. ఖర్చుల బిల్లు వస్తే దాన్ని పక్కన పడేయవద్దు, సొలిసిటర్‌ను సంప్రదించకుండా ఒప్పుకోనూ వద్దు.

ఇక నియంత్రణ సంస్థల దగ్గర దొరికే డబ్బు సాయం. ఎస్‌ఆర్‌ఏ కాంపెన్సేషన్ ఫండ్ సొలిసిటర్లందరి చందాలతో నడుస్తుంది. సొలిసిటర్ మీ డబ్బు కాజేసినా, లెక్క చెప్పకుండా పోయినా, ఒక్కో క్లెయిముకు 5,00,000 పౌండ్ల వరకు ఇది ఇవ్వగలదు. ఆక్సియమ్ ఇన్స్ సంస్థ ఉదంతంలో దీని విలువ తెలిసింది. 2023 అక్టోబరులో ఎస్‌ఆర్‌ఏ ఆ సంస్థను మూసివేసే నాటికి క్లయింట్ల ఖాతాలో 6 కోట్ల పౌండ్లకు పైగా కనబడలేదు. ఇంత పెద్ద లోటును ఎస్‌ఆర్‌ఏ ముందే ఎందుకు పసిగట్టలేదన్న ప్రశ్న న్యాయమైనది. లీగల్ సర్వీసెస్ బోర్డు చేయించిన సమీక్ష కూడా 2024లో దాన్ని గట్టిగానే తప్పుపట్టింది. ఫండ్‌ను మాత్రం మంచి ఏర్పాటనే అంటాను. ఇది హక్కుగా దొరికేది కాదు, మిగతా దారులు మూసుకుపోయాక విచక్షణతో ఇచ్చేది. అయినా దాచుకున్న సొమ్ము పోయినవారికి ఇలాంటి ఆసరా ఉండటం సామాన్యమైన విషయం కాదు. ఒక్క మాట మరచిపోకూడదు: సంస్థ అలసత్వం వల్ల గడువు దాటి దావా పోతే, అది నిర్లక్ష్యమే తప్ప దొంగతనం కాదు కాబట్టి, ఆ నష్టాన్ని ఈ ఫండ్ భర్తీ చేయదు.

నిర్లక్ష్యానికి ఉన్న మందు వేరే. ప్రతి సొలిసిటర్ల సంస్థా వృత్తిపరమైన బాధ్యత బీమా తీసుకోవడం తప్పనిసరి. కంపెనీలకూ ఎల్‌ఎల్‌పీలకూ ఒక్కో క్లెయిముకు కనీసం 30 లక్షల పౌండ్లు, ఇతర సంస్థలకు 20 లక్షలు. సంస్థ మూతపడ్డాక కూడా ఆరేళ్ళపాటు ఆ రక్షణ కొనసాగాలి, ఆఖరి ఏడాది ప్రీమియం వ్యవహారం ఎలా ముగిసినా సరే. పైగా 2016 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న, బీమాదారులపై మూడో పక్షాల హక్కులకు సంబంధించిన చట్టం ప్రకారం, దివాలా తీసిన సంస్థను మళ్ళీ బతికించకుండానే నేరుగా దాని బీమాదారు మీదే దావా వేయవచ్చు. బీమాదారు ఎవరో తెలియకపోతే ఎస్‌ఆర్‌ఏను అడగవచ్చు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో ఉన్న అన్ని రక్షణల్లో ఇదే బలమైనది, అయినా బాధితులకు అందరికంటే ఆలస్యంగా తెలిసేది కూడా ఇదే. మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ దీని ప్రస్తావన లేదు. ఇలాంటి దావాలు చేపట్టే సొలిసిటర్లు ప్రత్యేకంగా ఉంటారు; గాయాల దావా చూసే సొలిసిటర్ వేరు, మరో సొలిసిటర్ నిర్లక్ష్యం మీద దావా వేసే సొలిసిటర్ వేరు.

న్యాయవాదుల సేవలపై ఫిర్యాదులు విచారించే లీగల్ అంబుడ్స్‌మన్ సేవ ఉచితం. పనిలో జాప్యం, సమాచారం ఇవ్వకపోవడం, ఫీజు గురించి ముందు చెప్పకపోవడం లాంటి సేవా లోపాలకు 50,000 పౌండ్ల వరకు పరిహారం ఆదేశించే అధికారం దానికి ఉంది. కానీ 2023 ఏప్రిల్ నుంచి గడువు బిగించారు. లోపం జరిగిన నాటి నుంచి గాని తెలిసిన నాటి నుంచి గాని ఏడాదిలోపే వెళ్ళాలి. సంస్థ బతికి ఉంటే ముందు దానికే ఫిర్యాదు చేసి ఎనిమిది వారాలు వేచి చూడాలి. మూతపడిన సంస్థ విషయంలో అంబుడ్స్‌మన్ తీర్పు చెప్పినా, చెల్లించేవాడు లేకపోతే ఆ తీర్పు కాగితానికే పరిమితమయ్యే అవకాశం ఉంది. అందుచేత దీన్ని బీమా దారికి తోడుగా వాడుకోవాలే తప్ప, దీని మీదే ఆశ పెట్టుకోకూడదు.

కూలినది సొలిసిటర్ల సంస్థ కాక క్లెయిముల కంపెనీ అయితే రక్షణ బాగా పలచబడుతుంది. ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీసుకు ఫిర్యాదు చేయవచ్చు, కాని దివాలా తీసిన బ్యాంకుల ఖాతాదారులను కాపాడే ఎఫ్‌ఎస్‌సీఎస్ పథకం ఈ కంపెనీల క్లయింట్లకు వర్తించదు. ముందుగా చెల్లించిన ఫీజు రాబట్టుకోవాలంటే లిక్విడేటర్ దగ్గర, కంపెనీ బాకీపడిన వాళ్ళందరి వరుసలో నిలబడాలి, ఆ వరుసలో చివరివాళ్ళకు దక్కేది తక్కువ. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే మాత్రం, సేవ ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని 75వ సెక్షన్ కింద కార్డు ఇచ్చిన బ్యాంకునే అడగవచ్చు. ఊరట కలిగించే విషయం ఏమిటంటే, బ్యాంకుల మీదా రుణ సంస్థల మీదా ఇలాంటి కంపెనీలు నడిపే క్లెయిములను మనిషి స్వయంగా, ఉచితంగా నడుపుకోవచ్చు: ముందు బ్యాంకుకు ఫిర్యాదు, జవాబు నచ్చకపోతే ఆరు నెలల్లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్. కంపెనీ పోయిందని ఇంకొక కంపెనీని వెతుక్కునే ముందు ఈ సంగతి ఆలోచించమని కోరుతున్నాను. ఎంచుకోక తప్పదనుకుంటే, 2022 మార్చి నుంచి ఆర్థిక సేవల క్లెయిములకు ఫీజు పరిమితి ఉందని గుర్తుంచుకోండి. 1,500 పౌండ్లలోపు పరిహారానికి అది 30 శాతం, అదీ 420 పౌండ్లు మించకుండా, వ్యాట్ అదనం.

సంస్థ కూలిన వార్త బయటకు రాగానే ‘మీ ఫైలు మా దగ్గరికి వచ్చింది, కొంత డబ్బు కట్టండి’ అనే ఫోన్లు మొదలవుతాయి. ఫైలు ఎవరి దగ్గరుందో ఏజెంటునో అడ్మినిస్ట్రేటర్‌నో అడిగి నిర్ధారించుకోకుండా ఎవరికీ బ్యాంకు వివరాలు ఇవ్వవద్దు. స్కాట్లండ్‌లోనూ ఉత్తర ఐర్లండ్‌లోనూ నియంత్రణ సంస్థలూ గడువులూ వేరు కాబట్టి, అక్కడి దావాలకు ఇక్కడి అంకెలు పట్టుకుని వెళ్ళకూడదు.

దొంగిలించిన డబ్బుకు ఈ వ్యవస్థ బాగానే జవాబు చెబుతోంది. దాటిపోయిన గడువుకు కూడా జవాబు ఉంది, కాని బాధితుడే దాన్ని వెతుక్కోవాలి. ఆస్తి దావాల్లో మీద పడే ఖర్చుల బిల్లుకు మాత్రం సరైన జవాబు ఇంకా లేదు, ఎస్‌ఎస్‌బీ క్లయింట్లు పడిన బాధకు మూలం అదే. సంస్థ మూతపడిన వెంటనే ప్రతి క్లయింటుకూ ఒక్క పేజీ కాగితం పంపడాన్ని ఏజెంటుకూ అడ్మినిస్ట్రేటర్‌కూ తప్పనిసరి చేయాలని నేను కోరుకుంటున్నాను. దావా కోర్టులో పడిందా లేదా, ఆఖరి గడువు తేదీ ఏది, ఖర్చుల బీమా పాలసీ సంఖ్య ఎంత, వృత్తి బాధ్యత బీమాదారు ఎవరు అన్న నాలుగు వివరాలు అందులో ఉంటే చాలు. ఈ వివరాలన్నీ మూతపడిన సంస్థ రికార్డుల్లో ఉండేవే, కొత్తగా కనిపెట్టవలసినవి కావు.